ముందు వాటా

చాలాకాలం మూసి ఉంచిన గది తలుపు తీసినప్పుడు వచ్చే ముక్కిపోయిన వాసన, అది హోటల్లోనైనా చుట్టాలింట్లోనైనా, నన్ను గజపతినగరం అవతల మా చిన్న ఊళ్ళోని పెంకుటింటికి, నాన్నమ్మ గదికి తీసుకుపోతుంది.

వీధివైపున్న ఆ గదిలో గోగునార కట్టలు, చోళ్ళు, అంటే రాగులు, పోసిన కుండలు, ఆమె నులకమంచం ఉండేవి. వేసవి మధ్యాహ్నాలు నాన్నమ్మ కిటికీ పక్కన కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తూ, సంతకి పోయేవాళ్ళని పేరుపేరునా పలకరిస్తూ ఉంటే, మేం పిల్లలం ఆ గింజలు నములుతూ ఆమె కాళ్ళ దగ్గర గచ్చకాయలాడేవాళ్ళం.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు పట్నంలోని ఒక సర్కారు ఆఫీసుని మా ఊరికి మార్చారు. అది రావాలని తిరిగినవాళ్ళలో నాన్న ఒకడు. దాని వెనకే ఆసుపత్రి వస్తుందని, కాలేజీ వస్తుందని నమ్మాడు. ఉద్యోగులకి ఇళ్ళు లేవన్న మాట రాకూడదని నాన్నమ్మ గది ఉన్న మా ముందు వాటాకి సున్నం వేయించి ఆఫీసరుగారికి అద్దెకిచ్చాడు. మేం వెనక పశువుల శాలలోకి మారాం. నాన్నమ్మ మంచం గడ్డిమోపుల పక్కన వేశారు. ఆమె ఆవుని వియ్యపురాలా అని పిలిచి, నువ్వెంత అద్దె ఇస్తన్నావే అని అడిగేది.

ఆఫీసరుగారు తాళం వేసుకున్నారు గాని కాపురం పెట్టలేదు. ఉద్యోగమున్న ఊళ్ళోనే ఇల్లున్నట్టు చూపించాలి గనక అద్దె కడుతూ, రోజూ పాసింజరు బండిలో వచ్చి సాయంత్రం బండికి వెళ్ళిపోయేవారు. మిగతా ఉద్యోగులూ అంతే. వచ్చే నెల సామాను దిగుతుందని నాన్న చెప్పేవాడు. ఆ వచ్చే నెల ఎన్నిసార్లు వచ్చిందో.

ఆ ఏడు వానలు విడవకుండా పట్టుకున్నాయి. శాల కప్పు కారింది. పేడ, తడిగడ్డి, పొగ కలిసిన గాలికి నాన్నమ్మకి ఆయాసం ఎక్కువై, తన గదిలో పడుకోబెట్టమంది. తాళం పగలగొడితే ఆఫీసరుకి కోపమొస్తుందని, ఆఫీసే వెళ్ళిపోతుందని నాన్న భయం. వానకి రైళ్ళు ఆగి ఆఫీసరుగారు కొన్నాళ్ళు రాలేదు. వచ్చినరోజు నాన్న తడుస్తూ వెళ్ళి అడిగాడు. ఆయన నొచ్చుకుని వెంటనే తాళంచెవి ఇచ్చేశారు. ముందే తీసుకోవలసింది కదండీ అన్నారట.

నాన్న ఆమెని చేతులమీద ఎత్తుకొచ్చాడు. తలుపు తీస్తే లోపల ఒక్క బిందె కూడా లేదు. గోడలకి వేసిన సున్నం వేసినట్టే ఉంది, మూలల్లో మాత్రం బూజు. నాన్నమ్మ గదంతా ఒకసారి చూసింది.

"దీనికేనేట్రా నన్ను గొడ్లకాడ పడేసినావు?"

వానలు వెలిసేలోపే ఆమె ఆ గదిలో పోయింది. ఆ తరవాత నాన్న ఆఫీసు ఊసెత్తగా నేను వినలేదు.

కొన్నేళ్ళకి ఆఫీసుని జిల్లా కేంద్రానికి పట్టుకుపోయారు. దాని చుట్టూ వెలిసిన టీ బడ్డీలు, టైపు మిషను కొట్టు పోయాయి. ఇప్పుడు గోగు వేసేవాళ్ళు లేరు, వీధి కిటికీల దగ్గర కూర్చునేవాళ్ళు లేరు. ఆఫీసుల్ని మళ్ళీ చిన్న ఊళ్ళకి పంపుతారని మాత్రం అందరూ అనుకుంటున్నారు.

మొన్న తమ్ముడు ఫోన్ చేశాడు. ముందు వాటా ఖాళీ చేసి ఉంచుదామంటున్నాడు. ఊరు బాగుపడాలని వాడికీ ఉంది, తప్పుపట్టలేను. మరి అమ్మ ఎక్కడ పడుకుంటుందని అడిగాను. వెనక రేకుల గది ఉంది కదా, ఫేను పెట్టిస్తానన్నాడు. అంతలో వాడి పక్కనుంచి అమ్మ గొంతు వినిపించింది.

"నానెక్కడైనా సర్దుకుంటానని సెప్పరా ఆడికి."