మా వదినను చంపింది ఆ మాత్రలు కాదు

మేనల్లుడు ఫోన్ చేసినప్పుడు నేను పటమట రైతుబజారులో తోటకూర బేరమాడుతున్నాను. "అత్తా, అమ్మ లేదు" అన్నాడు. "ఎక్కడికెళ్ళిందిరా?" అని అడిగాను. అవతల వాడి ఏడుపు వినబడేదాకా నాకు అర్థం కాలేదు. అలాంటి మనిషి ఆవిడ. "లేదు" అంటే ఏ బస్సో ఎక్కి ఎవరితోనో దెబ్బలాడటానికి వెళ్ళి ఉంటుందనే అనుకుంటాం.

వదిన అంటే నా భర్తకు అక్క. కంకిపాడులో వాళ్ళకు ఎరువులు, పురుగుమందుల షాపు ఉంది. ఆ ఉదయం స్నానం చేసి వచ్చి కుర్చీలో కూర్చుని, గుండె పట్టుకుందట. బెజవాడ ఆసుపత్రికి తీసుకొచ్చేలోపే పోయింది. గుండెపోటు అన్నారు డాక్టర్లు. బీపీ ఉంది, దానికి మందు ఉంది, ఆ మందు ఆవిడ సగం రోజులు మర్చిపోయేది. ఊళ్ళో అందరినీ వేళకు మందులు వేసుకోమని తరిమే మనిషి తనది తాను వేసుకోలేదు. ఆ మాట వినగానే నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఇంకా తగ్గలేదు.

అయితే ఇది రాయడానికి కూర్చున్నది ఆ కోపంతో కాదు. మూడో రోజు చిన్నకర్మ నాడు ఆడవాళ్ళమంతా హాల్లో చాపల మీద కూర్చున్నాం. వదిన తోడికోడలు ముక్కు తుడుచుకుని, "ఆ రోజుల్లో పిల్లలు పుట్టకుండా ఏళ్ళ తరబడి మాత్రలు మింగిందమ్మా. ఆ వేడి ఊరికే పోద్దా? ఇప్పుడు గుండెకి కొట్టింది" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. వదిన ఆ మాత్రలు మానేసి పదిహేనేళ్ళు దాటింది. ఆ సంగతి అక్కడున్న వాళ్ళందరికీ తెలుసు. అయినా తలలూపారు, ఎందుకంటే ఆ మాట పోయినావిడ కోసం అన్నది కాదు. గోడకు ఆనుకుని, ఒళ్ళో పసిదాన్ని పెట్టుకుని కూర్చున్న వదిన కోడలి కోసం అన్నది.

ఆ పిల్ల కిందటేడు కాన్పులో చావు తప్పించుకుని బయటపడింది. రక్తం ఆగలేదు. సీసాల మీద సీసాలు ఎక్కించారు. ఇంకో రెండు మూడేళ్ళ దాకా మళ్ళీ కడుపు రాకూడదని, వస్తే ప్రాణం మీదికి రావచ్చని డాక్టరు ఇంట్లోవాళ్ళందరినీ కూర్చోబెట్టి చెప్పింది. పసిదానికి ఆరో నెల దాటాక వదినే కోడల్ని వెంటబెట్టుకెళ్ళి, పరీక్షలు చేయించి, గర్భం రాకుండా రోజూ వేసుకునే మాత్రలు ఇప్పించింది. ఇప్పుడు ఆ వదినే లేదు. "మీ అత్తకి పట్టిన గతి చూశాక కూడా మింగుతావా?" అని ఒకరి తర్వాత ఒకరు ఆ పిల్ల చెవిలో నూరిపోశారు. కన్నతల్లి కూడా ఫోన్ చేసి అదే అంది. రెండు మూడు రోజులు భయపడుతూ మింగి, తర్వాత ఆపేసింది.

మా వదిన ఎలాంటిదో ఇక్కడ చెప్పాలి. చెప్పకపోతే ఆ చాపల మీది మాటే నిలబడిపోతుంది.

నా పెళ్ళయిన కొత్తలో బీఈడీ చదువుతున్నాను. చదువు అయ్యేదాకా పిల్లలు వద్దనుకున్నాం. పటమటలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళితే మాత్రలు రాసిచ్చింది. మా ఆయన తెచ్చే జీతానికి అవి బరువే. పైగా వేసుకున్న రోజు నుంచి వికారం, తలనొప్పి, మధ్య మధ్యలో మరకలు. ఒకరోజు మానేసేదాన్ని, మర్నాడు భయం వేసి రెండు వేసుకునేదాన్ని. ఎవరిని అడగాలో తెలియదు. అలాంటి రోజుల్లో షాపు సరుకు కోసం బెజవాడ వచ్చిన వదిన మా ఇంట్లో భోజనానికి ఆగింది. నేను కంచంలో అన్నం కెలకడం చూసింది.

"నెల తప్పిందా?"

"లేదండీ."

"మరి మాత్రలా?"

ఆడపడుచు కదా, తిట్లు మొదలవుతాయనుకుని తల వంచుకున్నాను.

"పొద్దున్నే ఖాళీ కడుపున వేసుకుంటున్నావా?" అంది. అవునన్నాను. ఎవరు చెప్పారని అడిగింది. ఎవరూ చెప్పలేదన్నాను. "అదీ సంగతి. ఎవరూ చెప్పరు. వాళ్ళు రాస్తారు, మనం కొంటాం, వాంతి చేసుకుంటాం" అని, ఎంగిలి చెయ్యి కడుక్కుని నన్ను మోపెడ్ ఎక్కించుకుని ఆ డాక్టరమ్మ దగ్గరికే తీసుకెళ్ళింది. దారి పొడుగునా ఆటోవాళ్ళని తిడుతూనే ఉంది.

అక్కడ వరండా నిండా జనం. లోపలికి వెళ్ళి కుర్చీ లాక్కుని, "ఈ పిల్లకి బీపీ చూడలేదటండీ" అంది వదిన. డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. బీపీ చూసింది. తలనొప్పి వచ్చినప్పుడు కళ్ళ ముందు మెరుపుల్లాంటివి కనిపిస్తాయా అని అడిగింది, ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టే జబ్బు ఉందా అని అడిగింది. లేవన్నాక, మాత్ర రాత్రి భోజనం చేశాక, రోజూ ఒకే వేళకు వేసుకోమంది. వికారం, మరకలు చాలామందికి మొదటి రెండు మూడు నెలల్లో తగ్గిపోతాయట. తగ్గకపోతే వేరే మాత్రకు మారొచ్చు. ఛాతీలో నొప్పి, ఆయాసం, ఒక కాలిపిక్క వాచి నొప్పి, చూపు మసకబారేంత తలనొప్పి, వీటిలో ఏది వచ్చినా మాత్ర ఆపేసి వెంటనే రమ్మంది.

"ఇదే మందు ఇంకా తక్కువలో ఉండదాండీ?" అని అడిగింది వదిన.

"ఉంటుందండీ. ప్రభుత్వాసుపత్రిలో అయితే ఉచితంగానే ఇస్తారు. అడిగితే చెప్పేదాన్ని కదా."

"అడగాలని ఈ పిల్లకి తెలీదు కదండీ."

డాక్టరమ్మ నవ్వేసి చీటీ మార్చి రాసింది. మందుల షాపులో ఆయన మాత్రల షీటును కాగితంలో చుట్టి, దాన్ని నల్ల కవర్లో పెట్టి, చుట్టూ చూసి చేతికిచ్చాడు. వదిన కౌంటర్ మీదే కవరు విప్పింది. "బాంబేం కాదు కదండీ. డేటు చూసుకోవద్దా?" అంది. వెనక నిలబడ్డ మగవాళ్ళు పక్కకు చూశారు. బయటికి వచ్చాక ఆవిడకు కోపం ఆగలేదు. "మా షాపులో పురుగుమందు కొన్న రైతుకి ఎంత కలపాలో, గాలి ఎటుంటే కొట్టాలో చెప్పి పంపుతాం. ఆడదాని ఒంట్లోకి పోయేదానికి ఆ మాత్రం చెప్పరు" అంది.

ఆ తర్వాత కొన్నాళ్ళపాటు రోజూ భోజనాల వేళకు ఫోన్ చేసేది. "మింగావా?" అనేది, ఊ అనగానే పెట్టేసేది. కుశలప్రశ్నలు లేవు. "తిట్టుకుంటూ అయినా వేళకి మింగు" అనేది. చౌకలో వచ్చిన ఆ మాత్రతో వికారం తగ్గింది కానీ నాకు ఊరికే ఏడుపు వచ్చేది, మూడు నెలలు దాటినా తగ్గలేదు. చెబితే తిడుతుందేమోనని దాచాను. తెలిశాక నిజంగానే తిట్టింది, దాచినందుకు. "ఓర్చుకోవడం గొప్పేం కాదమ్మాయ్. ఒళ్ళు నీదైతే అడగడానికి మొహమాటం ఎవరిది?" అంది. ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి అడిగితే వేరే రకం ఇచ్చారు. అది నాకు పడింది. చదువు పూర్తయింది, ఉద్యోగం వచ్చింది, మా అమ్మాయి మేము కోరుకున్నప్పుడు పుట్టింది. ఇప్పుడు నా బతుకు ఇలా ఉండటంలో ఆవిడ తిట్ల వాటా చాలా ఉంది.

ఎందుకంత పట్టుదల అని ఒక మధ్యాహ్నం చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ అడిగాను. తల ఎత్తకుండా చెప్పింది.

మా వైపు ఇళ్ళల్లో నెలసరి డేటు వెనక్కి జరిపే మాత్రలు మీకూ తెలిసే ఉంటాయి. వ్రతమైనా, పెళ్ళైనా, గృహప్రవేశమైనా ఆడవాళ్ళు ముందు చూసుకునేది క్యాలెండరు. డేటు అడ్డొస్తుందంటే మగవాళ్ళే షాపుకెళ్ళి ఆ మాత్రలు తెస్తారు. వాటికి నల్ల కవరు అక్కర్లేదు, గొంతు తగ్గించక్కర్లేదు. వదిన అత్తగారింట్లో దేవుడి గూట్లో కర్పూరం పొట్లం పక్కన ఆ షీటు ఎప్పుడూ ఉండేదట. డాక్టరును అడగడం, బీపీ చూడటం ఏమీ లేవు. దేవుడి పనికి కదా, ఏమీ కాదు.

కొడుకు పుట్టాక వదిన ఆపరేషన్ చేయించుకుంటానంది. ఒక్కడేగా, ఇంకో మగపిల్లాడు పుట్టాక చూద్దాం అన్నారు. ఆవిడ వయసు అప్పుడు ముప్పై ఉంటుందేమో. నెలసరిని ఆపే మాత్ర కడుపును కూడా ఆపుతుందనుకుంది. దేవుడి గూట్లోంచి తీసి అప్పుడప్పుడూ మింగడం మొదలుపెట్టింది. అవి ఆ పని చేసేవి కావని ఆవిడకు చెప్పినవాళ్ళు లేరు. నెలసరి రాకపోతే మాత్ర పని చేస్తోందనుకుంది. నిజం తెలిసేసరికి నెలలు గడిచిపోయాయి. మాత్రలు మింగింది కాబట్టి బిడ్డ అవకరంతో పుడుతుందని ఇంట్లోవాళ్ళే హడలిపోయి, హనుమాన్ జంక్షన్ అవతల చదువూ అర్హతా లేని ఒకావిడ దగ్గరికి గుట్టుగా తీసుకెళ్ళి తీయించారు. ఒంట్లో చీము పట్టింది. వారాల తరబడి ఆసుపత్రిలో ఉంది.

"ఊళ్ళో అందరికీ కామెర్లని చెప్పారు. చూడటానికి వచ్చినవాళ్ళు పసరు మందు తెచ్చారు. లేని కామెర్లకి పసరు తాగాను" అంది వదిన. నవ్వుతూనే అంది. నేను నవ్వలేకపోయాను. అసలు మాత్రలకూ డేటు మాత్రలకూ తేడా ఆ ఆసుపత్రిలోనే ఒక డాక్టరు ఆవిడకు చెప్పిందట. అప్పటినుంచి సరైనవి, ఏటా బీపీ చూపించుకుంటూ వాడుకుంది.

ఇది ఎవరికైనా చెప్పొచ్చా అని అడిగాను. "నేను పోయాక చెప్పుకో. నేనుండగా చెబితే మీ అన్నయ్యగారు షాపులో కూర్చోలేరు" అంది. అందుకే ఇప్పుడు చెబుతున్నాను. ఆవిడను చావు దాకా తీసుకెళ్ళిన మాత్రలు దేవుడి గూట్లోవి, కాపాడినవి ఆ తర్వాత వేసుకున్నవి. చాపల మీద కూర్చున్నవాళ్ళు దీన్ని తలకిందులు చేసి చెబుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇంకా మండాల్సింది ఉందని నాకు అప్పుడు తెలియదు. కోడలు మాత్రలు ఆపిన మర్నాడు నేను కంకిపాడులోనే ఉన్నాను. ఆ పిల్ల నన్ను పెరట్లోకి పిలిచి, కొంగు చాటు నుంచి ఒక షీటు తీసింది.

"చిన్నత్తయ్య ఇచ్చారు పిన్నీ. పెద్దకర్మ నాటికి నా డేటు అడ్డొస్తుందంట. అత్తయ్యకి వండి విస్తరి వెయ్యాల్సింది నేనే కదా. రేపట్నుంచి వేసుకోమన్నారు."

షీటు చూశాను. డేటు జరిపేవే. ఆ రోజు చాపల మీద ముక్కు తుడుచుకున్న తోడికోడలే తెచ్చి ఇచ్చింది. తన ప్రాణం కాపాడుకోవడానికి ఒక ఆడపిల్ల మింగితే గుండెకు కొడుతుందట, విస్తరి వేయడానికి మింగితే ఏమీ కాదట. ఆ పిల్ల నెమ్మదిగా అడిగింది.

"ఎటూ అవి ఆపేశాను కదా పిన్నీ. ఇవి వేసుకుంటే ఆ పని కూడా అయిపోద్ది కదా?"

వదిన అనుకున్నదే ఈ పిల్లా అనుకుంది. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఒక్కరు ఒక్క మాట చెప్పి ఉంటే అనుకునేది కాదు. పెరట్లో బట్టలుతికే రాయి మీద కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. కామెర్ల సంగతి కూడా. ఆ పిల్ల విని, లేచి వెళ్ళి ఆ షీటును చిన్నత్తయ్య సంచిలో పెట్టేసి వచ్చింది. డాక్టరుకు తనే ఫోన్ చేసింది. నెలసరి మొదలైన రోజు నుంచి కొత్త షీటు మొదలుపెట్టమని, అప్పటిదాకా జాగ్రత్తగా ఉండమని డాక్టరు చెప్పింది.

పెద్దకర్మ నాడు పొద్దున్నే ఆ పిల్లకు నెలసరి వచ్చేసింది. ఇల్లంతా చుట్టాలు. చిన్నత్తయ్య అందరికీ వినబడేలా, "వేసుకోమని చేతిలో పెడితే వేసుకోలేదు. ఇప్పుడు ఆవిడకి విస్తరి ఎవరేస్తారు?" అంది.

కోడలు గొంతు పెంచలేదు. "మాత్రలు ఆపమన్నది మీరే కదండీ చిన్నత్తయ్యా. మధ్యలో ఆపితే వస్తుందండీ" అంది.

నేను నోరు తెరిచాను, ఆ రోజు ఎవరినీ వదలకూడదనే అనుకున్నాను. ఇంతలో గుమ్మం దగ్గర అన్నయ్యగారు కనిపించారు, అంటే వదిన భర్త. అన్నీ విన్నట్టున్నారు. "నువ్వే వెయ్యమ్మా" అన్నారు కోడలితో. అంతే, కండువా సర్దుకుని బయటికి వెళ్ళిపోయారు. ఆ రెండు మాటలు ముప్పై ఏళ్ళ కిందట ఎక్కడున్నాయని అడగాలనిపించింది. అడగలేదు. విస్తరి వెయ్యాల్సిన పిల్ల అప్పటికే వంటింట్లోకి వెళ్ళింది.

తనే వండింది, తనే వడ్డించింది. సాయంత్రం చుట్టాల భోజనాలయ్యాక తనూ కడుపునిండా తిని, హాల్లో అందరి మధ్యా కూర్చుని కొత్త షీటు తీసింది. చిన్నత్తయ్య ఎదురుగానే ఉంది. పసిది ఆ మెరుపు చూసి, అమ్మ ఒళ్ళోంచి లేచి నిలబడి రెండు చేతులూ చాచింది. కోడలు మాత్ర మింగి నీళ్ళు తాగి, పసిదానికి అందకుండా ఆ షీటును తల పైకి ఎత్తి పట్టుకుంది. చెయ్యి దించమని ఎవరూ అనలేదు.