అమ్మ ఓర్పు మీద మా అమ్మాయి పాడ్‌కాస్ట్

మా అమ్మాయి ఏడో తరగతి. ఈ ఏడాది వాళ్ల తెలుగు మేడం కవితలు అప్పజెప్పించుకోవడం మానేసి, పాఠంలోని కవిత మీద పాడ్‌కాస్ట్ చేసి పంపమన్నారు. ఆదివారం సాయంత్రంలోగా స్కూలు యాప్‌లో పెట్టాలి. ఆ సంగతి మా అమ్మాయికి ఆదివారం మధ్యాహ్నం, చర్చి నుంచి కాప్రాకు తిరిగొస్తుంటే స్కూటీ మీద గుర్తొచ్చింది.

ఇల్లు చేరగానే మా పడగ్గది స్టూడియో అయింది, నా ఫోను మైకైంది.

"అమ్మా, ఫ్యాన్ సౌండ్ వస్తుంది, ఆఫ్ చెయ్యి. కుక్కర్ కూడా."

"కుక్కర్ ఆపితే చికెన్ నువ్వు ఊదితే ఉడుకుతుందా?"

"నానమ్మని పాడొద్దని చెప్పు మరి."

మా అత్తయ్యకు వంటింట్లో చర్చి పాటలు పాడుకుంటూ ఉల్లిపాయలు తరగడం అలవాటు. ఆవిడకు చెప్పాల్సింది నేనే. చెప్పాను. ఆవిడ పాట ఆపి, చాకు పక్కన పెట్టి, సోఫాలో గోడ వైపు తిరిగి కూర్చున్నారు. మిగతా ఉల్లిపాయలు నా వంతుకొచ్చాయి.

అంతలో పై ఫ్లాట్‌లో డ్రిల్లింగ్ మొదలైంది. చెమటలు కక్కుకుంటూ మెట్లెక్కాను. తలుపు దగ్గర పనివాడు నన్ను ఎగాదిగా చూశాడు.

"మేడం, జెరసేపు ఆగుమంటే ఆగుత. గిట్ల అందరు ఆపుకుంట పోతే పని ఎప్పుడు ఖతం గావాలె?"

బతిమాలితే టీ తాగొస్తానని పోయాడు. నేను కిందికి దిగేసరికి మా అమ్మాయి మంచం మీద పడుకుని, నా ఫోన్లో వేరే వాళ్ల వీడియోలు చూస్తోంది.

"మూడ్ పోయిందమ్మా."

ఇక నా వల్ల కాలేదు. నోటికొచ్చినట్టు తిట్టాను. అది దిగ్గున లేచి తలుపేసుకుంది. సాయంత్రం పంపేశానంది. హమ్మయ్య అనుకున్నాను.

మర్నాడు ఆఫీసుకు మెట్టుగూడలో మెట్రో ఎక్కానో లేదో క్లాసు వాట్సాప్ గ్రూపు మోగింది. మేడం మా అమ్మాయి పాడ్‌కాస్ట్ అందులో పెట్టారు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను.

"హలో అందరికీ. ఈ కవితలో కవి అమ్మను భూమితో పోల్చారు. ఎంత తవ్వినా భూమికి కోపం రాదు, అమ్మకి కూడా రాదు అన్నారు."

ఆ వెంటనే నా గొంతు. "మూడా? వారమంతా ఏం చేశావే? ఇంటిల్లిపాదినీ నోరు మూయించి, పై ఇంటికి పోయి బతిమాలి వస్తే నువ్వు వీడియోలు చూస్తావా? నాకు ఓపిక లేదు, చెప్తున్నా!"

మళ్లీ అది, నెమ్మదిగా: "మా అమ్మకైతే కోపం వస్తుంది. ఈ కవిత రాసే ముందు ఆయన వాళ్లమ్మని అడిగారో లేదో నాకు డౌట్."

బేగంపేటలో దిగేదాకా తలెత్తలేదు. గ్రూపులో తల్లులంతా నవ్వే బొమ్మలు పెడుతున్నారు. మధ్యాహ్నం మేడమే ఫోన్ చేశారు.

"ఏమీ అనుకోకండి. అడగకుండా పెట్టేశాను. పిల్లలందరూ కవితను పొగిడారు. మీ పాప ఒక్కతే నమ్మాలా వద్దా అని ఆలోచించింది."

నా పరువు సంగతి ఆవిడ ఎత్తలేదు. అయినా ఆ మాట కాస్త లోపలికి దిగింది. కవిత్వంలో ఇంత దూరం వెళ్లిన పిల్లను మూడ్ గురించి తిట్టానే అనుకుంటూ ఇంటికెళ్లి, దాన్ని దగ్గర కూర్చోబెట్టుకుని అడిగాను.

"నా తిట్లు ఎందుకు కట్ చెయ్యలేదమ్మా? కవి చెప్పింది తప్పని చూపించడానికేనా?"

"కాదమ్మా. రికార్డింగ్ ఆపడం మర్చిపోయా, నీ తిట్లూ పడ్డాయి. కట్ చేస్తే టైం సరిపోదు. నాలుగు నిమిషాలుండాలన్నారు మేడం." నా ఫోను అందుకుంటూ, "నువ్వింకొంచెం సేపు తిట్టుంటే, చివర్లో సారాంశం రెండుసార్లు చదివే పని తప్పేది," అంది.

దాని చేతిలోంచి నా ఫోను లాక్కుని, అన్నం వడ్డించడానికి లేచాను.