హాజరు పట్టీలో ఎర్ర చుక్కలు

సాగర్ ఆనకట్ట కడుతున్న రోజులు. నల్లగొండ బస్సులో పక్కన కూర్చున్న బడిపంతులు హాజరు పట్టీ తెరిచాడు. ఒక పిల్ల ఒంటిమీద వాతలు కనబడిన ప్రతిరోజూ ఆమె పేరు పక్కన ఎర్ర చుక్క పెట్టాడట.

"కిందపడ్డదంటడు వాళ్ల నాయిన. నేనుండేది వాళ్లింట్లనే, తినేది వాళ్ల బువ్వనే. ఎట్లడగాలె?"

నేను బడికి పోకుండానే లెక్కలు నేర్చినవాణ్ణి. తేదీలకు వారాలు కట్టాను. పదకొండు చుక్కలూ శుక్రవారాలే! ఆ సంగతి ఆయనకు చెప్పాను.

"మీ ఊళ్లె వారం అంగడి ఎప్పుడు సారూ?"

"బేస్తవారం. ఆ రాత్రే తాగొస్తడు..." అంటూనే చివాలున లేచాడు. "ఆపుండ్రి! పిల్ల మేనమామది గీ హాలియా ఊరే. నేనడగలేకున్నా ఆయన అడుగుతడు!"

డ్రైవరుకు వినబడలేదు. నేనూ బస్సు రేకు బాదుతూ "ఆపవయ్యా!" అని అరిచాను. బస్సు పూర్తిగా ఆగకముందే ఆయన దూకేశాడు. అంత గట్టిగా అరవడం నాకదే మొదలు.