కాగితం కీబోర్డు

ప్రభావతికి కోపం వస్తే అరవదు, మర్యాద పెంచుతుంది. మామూలుగా మాటకొక అండీ ఉంటే, ఒళ్ళు మండినప్పుడు రెండు పడతాయి. ఈ సంగతి తెలియక హెడ్మాస్టరు నిరంజనరావు గారు ఆ అమ్మాయిని అయిదు నెలలపాటు నోట్లో నాలుక లేని మనిషనుకున్నారు.

ఆమెది ఉంగుటూరు దగ్గర పల్లె. తండ్రి దేవరాజు చర్చి బడిలో మేష్టారు. తాడేపల్లిగూడెంలో కంప్యూటర్లతో డిగ్రీ చేసి, రెండువేల అయిదు జూన్‌లో మండవల్లి అవతల కొల్లేటి గట్టు మీది హైస్కూలుకి ఓ కంపెనీ తరఫున కాంట్రాక్టు టీచరుగా వెళ్ళింది. పిల్లలకి ప్రోగ్రాములు రాయడం నేర్పాలి.

అక్కడ పదకొండు కంప్యూటర్లున్నాయి. ఉన్నాయంటే ఉన్నాయి. ఒక్కోదానికీ ముసుగు, ముసుగు మీద దుప్పటి, గదికి తాళం, తాళంచెవి హెడ్మాస్టరు గారి జేబులో.

"పిల్లలకి చూపించాలి కదండీ?" అందామె.

"చూస్తున్నారుగా అమ్మా, కిటికీలోంచి."

ఆయన భయం ఆయనది. ఇదివరకు పనిచేసిన ఊళ్ళో బడి మోటారు కాలిపోతే ఏడాదిపాటు సంజాయిషీలు రాసుకున్నారు. ఇంకో రెండేళ్ళలో రిటైరు. ఈలోగా స్టాకు రిజిస్టరులో ఏ వస్తువూ చెడిందని రాయకూడదు. ఆ రిజిస్టరు కోసం నాలుగు వందల మంది పిల్లల్ని గుమ్మం బయట నిలబెట్టడం ఆయనకి తప్పనిపించలేదు.

ఏం చేస్తుంది? ఏలూరు వెళ్ళి కీబోర్డుకి జిరాక్సులు తీయించింది. అట్టలకి అంటించి పంచింది. తొమ్మిదో తరగతి మొత్తం కాగితాలు ఒళ్ళో పెట్టుకుని చప్పుడు లేని టైపింగు నేర్చుకుంది. ప్రోగ్రాములు నోటుబుక్కుల్లో రాసేవారు, ఆమె ఎర్ర పెన్నుతో దిద్దేది. ఈత నేర్పమని పంపి చెరువుకి కంచె వేశారు మహానుభావులు!

ఆ తరగతిలో సమ్రీన్ అనే పిల్ల ఉంది. తండ్రి ఫారూఖ్ చేపల షెడ్డులో ఐసు కొడతాడు. ఎన్ని ట్రేల చేపకి ఎన్ని ఐసు దిమ్మలు కావాలో చెప్పే ప్రోగ్రాము రాసుకుంది, పధ్నాలుగు లైన్లు. మూడు నెలలుగా అది నోటుబుక్కులోనే ఉంది.

"ఒక్కసారి నడిపి చూడాలండీ టీచర్. పనిచేస్తుందో లేదో తెలియాలి కదండీ," అని రోజూ అడిగేది. రోజూ ప్రభావతి తాళంచెవి అడిగేది. రోజూ ఆయన "చూద్దాంలే అమ్మా" అనేవారు.

నవంబరులో తనిఖీకి అధికారి వచ్చారు. దుప్పట్లు తీశారు, కంప్యూటర్లు పెళ్ళికూతుళ్ళలా మెరిశాయి. "పిల్లల్లో ఒకర్ని తన పేరు కొట్టమనండి," అన్నారాయన. సమ్రీన్‌ని కూర్చోబెట్టారు.

ఆ పిల్ల మొదటి అక్షరం మీద వేలు పెట్టింది, తియ్యలేదు. తెర మీద ఎస్ తర్వాత ఎస్, వరసంతా ఎస్‌లే. బెదిరిపోయి ఇంకా గట్టిగా నొక్కింది. అధికారి నవ్వారు.

"వీళ్ళ చేతికిస్తే ఇంతేనండీ. అందుకే తాళం వేయిస్తున్నాను," అన్నారు నిరంజనరావు గారు.

సమ్రీన్ ముఖం చూసేసరికి ప్రభావతికి నెత్తురు మరిగింది. పిల్ల సంచీలోంచి అట్ట తీసి అధికారి ముందు పెట్టింది. అక్షరాలున్నచోట కాగితం చిరిగి అట్ట కనిపిస్తోంది.

"ఇది నాలుగో కాగితమండీ. ఇంతకుముందు మూడు ఇలాగే అరిగిపోయాయండీ. నొక్కిన వేలు వెంటనే తియ్యాలని కాగితం చెప్పదు కదండీ? ఈ గదిలోకి ఈ పిల్ల రావడం ఇదే మొదటిసారండీ. అయిదు నెలలయిందండీ బడి తెరిచి! నవ్వాల్సింది ఎవర్ని చూసి అంటారండీ?"

ఈలోగా సమ్రీన్ చెరిపే మీట వెతికి పట్టుకుంది. దాని మీదా వేలు పెట్టి తియ్యలేదు. ఎస్‌లన్నీ ఒక్కొక్కటే వెనక్కి పోయాయి. తర్వాత ఒక్కో మీటా తాకి, వేలు తీసి, పధ్నాలుగు లైన్లూ నోటుబుక్కు చూడకుండా కొట్టి, నడిపింది. ఎన్ని ట్రేలని తెర అడిగింది. నలభై అని కొట్టింది. ఎన్ని దిమ్మలో తెర చెప్పింది.

"టీచర్! పనిచేసిందండీ!"

అధికారి తనిఖీ పుస్తకంలో 'కంప్యూటర్లు కొత్తవాటిలా ఉన్నాయి, సంతోషం' అని రాసి వెళ్ళిపోయారు. ఆ వాక్యం చదివి ప్రభావతి తాళం కప్ప తీసి తన సంచీలో వేసుకుంది.

"ఇలా ఇవ్వమ్మా," అన్నారు హెడ్మాస్టరు గారు.

"ఇవ్వనండీ. పోలీసుల్ని పిలుచుకోండండీ."

ఆయన పిలవలేదు గానీ, కాంట్రాక్టు కంపెనీకి ఉత్తరం రాశారు. ఏప్రిల్ దాకా ఆ గది తెరిచే ఉంది. జూన్‌లో ఆమెకి ఉద్యోగం లేదు.

జూలైలో సమ్రీన్ బూత్ నుంచి ఫోను చేసింది. ఆమె బదులు కొత్తగా వచ్చిన కంప్యూటరు సారు కీబోర్డులన్నీ చూసి, అయిదింటి మీద అక్షరాలు చెరిగిపోయాయని స్టాకు రిజిస్టరులో రాశారట. పాడుచేసినవారు అన్నచోట ప్రభావతి పేరు పెట్టించారట నిరంజనరావు గారు.

ప్రభావతికి ఒళ్ళంతా భగ్గుమంది. "గదికి మళ్ళీ తాళం వేశారా?"

"వేశారండీ. వారమైందండీ. పదో తరగతి వాళ్ళమంతా ఆ గుమ్మం ముందే కూర్చుంటున్నామండీ టీచర్. హెడ్మాస్టరు గారు వచ్చి లేవమన్నారండీ."

"మీరేమన్నారు?"

"తాళం తియ్యండి, లేస్తామన్నామండీ."