మబ్బుల మాస్టారి భార్య మోకాలు

రాతికొండల నడుమ ఉన్న ఆ ఊరికి వాన చుట్టపుచూపుగా వచ్చిపోతుంది. అలాంటి చోట వాన సంగతి చెప్పడమే ఉద్యోగమైన మనిషికి జనం మబ్బుల మాస్టారని పేరు పెట్టారు. ఆయన ఏనాడూ బడిలో పాఠం చెప్పిన పాపాన పోలేదు. ముక్కు మీద కళ్ళజోడు, చంకలో రిజిస్టరు, ప్రతి మాటకూ ముందు ఒక దగ్గు ఉంటే మాస్టారు కాక మరేమంటారు?

ఇరవై రెండేళ్ళుగా ఆయన దినచర్య మారలేదు. పొద్దున్నే వాతావరణ కేంద్రం డాబా ఎక్కి వాన కొలిచే డబ్బాలోకి తొంగి చూస్తారు. అందులో సాధారణంగా ఒక చీమ ఉంటుంది. రిజిస్టరులో సున్నా వేస్తారు. గాలి పోకడ చూసి, పై ఆఫీసు ఫోనులో చెప్పింది కలిపి, ఆ రోజు సూచన చీటీ మీద రాసుకుంటారు. పదకొండింటికి దాన్ని చౌరస్తాలోని నల్లబోర్డు మీద ఎక్కించి, చీటీ జేబులో వేసుకుని ఇంటికి పోతారు. చొక్కా మేకుకు తగిలించి, భోంచేసి, ఒక కునుకు తీస్తారు.

ఆ బోర్డును ఎవరూ చూడరు. పదకొండేళ్ళ కిందట ‘చుక్క పడదు’ అని రాసిన రోజే వడగళ్ళు పడి, ఆయన ఆఫీసు కిటికీ అద్దమే భళ్ళుమంది. ఆ తర్వాత ఎన్నిసార్లు సరిగ్గా చెప్పినా ఎవరికీ గుర్తు లేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదు కదా.

మరి ఊరు ఎవరిని నమ్ముతుంది? మాస్టారి భార్యను. శరత్తు మొదట్లో వీధి వీధంతా మేడల మీద అంజీర పళ్ళు చీల్చి తట్టల్లో ఆరబెడుతుంది. ఒక్క జల్లు తగిలినా బూజే, ఏడాది కష్టం పెంటపాలే. ఆవిడ తట్టలెత్తితే వీధి ఎత్తుతుంది. ఆవిడ ఎత్తకపోతే ఆకాశం ఎంత నల్లబడ్డా ఎవరూ కదలరు. ఆవిడ మోకాలు వానను ముందే పసిగడుతుందని ఊరి నమ్మకం.

ఈ ఏడు మాస్టారు నాలుగు రోజులు కూర్చుని శరత్తు సూచన తయారు చేశారు. పగలు పొడి ఎండలు, తెల్లవారుజామున చలి, నెల మధ్యలో ఉరుములతో ఒక గట్టి జల్లు. దాని నకలొకటి ఎదురింటి దర్జీకి ఇచ్చారు. అతను దాన్ని చొక్కా చేతి కొలతకు కత్తిరించేశాడు.

“ఏమనుకోకండి మాస్టారూ, కాగితం గట్టిగా బాగుంది. వాన సంగతంటారా, అక్క మోకాలుంది కదా!” అన్నాడు.

మాస్టారికి తల తీసేసినట్టయింది. ఇంటికెళ్ళి దర్జీ మీది కోపం భార్య మీద చూపించారు. “రేపటి నుంచి ఆఫీసుకి నీ మోకాలినే పంపించు. నేను ఇంట్లో కూర్చుంటా.”

ఆవిడ పకపకా నవ్వింది. అదే తప్పయిపోయింది. మర్నాటి నుంచి మాస్టారు మధ్యాహ్నం ఇంటికి రావడం మానేసి, ఆఫీసులోనే రొట్టె నమిలారు.

నాలుగో రోజు పడమటి గాలి తిరిగింది. పై ఆఫీసు నుంచి ఫోను: సాయంత్రం నాలుగింటికల్లా ఉరుములతో వాన. మాస్టారు బోర్డు మీద పెద్దక్షరాలతో రాసి, కింద రెండు గీతలు కొట్టారు. ఒక మేక వచ్చి సుద్దను వాసన చూసి పోయింది. తలెత్తి చూస్తే మేడలన్నీ అంజీర తట్టలే. తన మేడ మీదా అంతే. పంతం పోతే పోయింది, వీధి పళ్ళన్నీ పోతాయని ఆయన చేతిలోని సుద్ద పారేశారు. పరుగున ఇంటికి వెళ్ళారు.

“మోకాలు నొప్పిగా ఉందని ఒక్కసారి గట్టిగా కేకెయ్యి.”

“నా మోకాలికేమైందండీ, రాయిలా ఉంది.”

“నీకు దణ్ణం పెడతా, తట్టలెత్తు!”

ఆవిడ ఆయన మొహం చూసింది. ఆయన జేబులో చెయ్యి పెట్టి, చీటీ తీసి చదివింది. కొంగు దోపుకుని మెట్లెక్కింది. రెండో తట్ట ఎత్తేలోపే దర్జీ గొంతు లేచింది: “అక్క ఎత్తేస్తోంది రోయ్!” పావుగంటలో వీధిలో ఒక్క పండు లేదు. నాలుగుంబావుకి వాన దంచింది.

గుమ్మంలో నిలబడి వాన చూస్తూ మాస్టారు చాలాసేపు ఆలోచించారు. జేబులోకి చెయ్యి అంత తిన్నగా ఎలా వెళ్ళింది?

“ఎన్నాళ్ళ నుంచి?”

“పదేళ్ళు. మీరు కునుకు తీసేటప్పుడు.”

“మరి మోకాలో?”

“అది దర్జీ కల్పించాడు. నేను కాదనలేదు. ఈ నాలుగు రోజులూ మీరు రాకపోతే నాకు వాన సంగతి ఎవరు చెప్తారు? చౌరస్తాకెళ్ళి బోర్డు చదివితే నా పరువేం కావాలి?”

మాస్టారి కళ్ళు చెమర్చాయి. పదేళ్ళుగా ఊరంతా విన్నది తన మాటే!

ఆవిడ జాలిపడింది. “పోనీ, అసలు సంగతి అందరికీ చెప్పెయ్యనా?”

మాస్టారు కంగారుగా దగ్గారు. “ఖర్మ! అది నా మాటేనని తెలిస్తే రేపటి నుంచి ఒక్కడైనా తట్ట ఎత్తుతాడా?” అంటూ చొక్కా విప్పి మేకుకు తగిలించారు.