ప్రొటోకాల్ కారు, సొంత డీజిల్

జిల్లాలో కార్లు కిరాయికి తిప్పేవాళ్లు ఎందరున్నారో నాకు తెలియదు. ఆఫీసువాళ్లు పోయిస్తామన్న డీజిల్‌ను వద్దని, నేనే పోసుకుంటానని సంతకం పెట్టి వచ్చిన మొనగాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే.

అది తెలివితక్కువై చేసింది కాదు, ఎక్కువై చేసింది. జూలూరుపాడులో మా నాన్న కిరాణా దుకాణంలో, గల్లాపెట్టె పక్కనే పెరిగాను. ఎదుటివాడు తనంతట తానే మంచి ధర చెప్పాడంటే అందులో మనకు కనపడనిదేదో ఉంటుందని అక్కడే ఒంటబట్టింది. ఏదో విదేశీ కాన్సులేట్ నుంచి ఒక మేడం భద్రాచలం, చర్ల చూడటానికి వస్తోందని ఖమ్మంలో ప్రొటోకాల్ చూసే ఆఫీసరు పిలిపించి, "రోజుకు మూడు వేల ఐదు వందలు, డీజిల్ మాది" అనగానే నాకు అనుమానం వచ్చింది. మనసులోనే లెక్క వేశాను. ఒక్క రోజు పని. రానూపోనూ మూడు వందల అరవై కిలోమీటర్లు, ముప్పై లీటర్లు, మూడు వేల లోపు.

"డీజిల్ నాదే సార్. మొత్తం పనికి ఎనిమిదిన్నర వేలు ఇయ్యండి."

ఆయన ఒక్క రూపాయి కూడా తగ్గించమనలేదు. కాగితం నా వైపు తిప్పాడు.

"పని మంచిగ చేస్తే నీ బండి మా లిస్టులో ఎక్కిస్త. ఇగ ఏ పెద్దమనిషి వచ్చినా ఫోన్ నీకే."

నాకు కావలసింది ఆ లిస్టే. అప్పటిదాకా పెళ్లి బృందాలను మోసి, మర్నాడు సీట్ల సందుల్లోంచి లడ్డూ ముక్కలు, పూలరేకులు ఏరుకుంటూ బతికాను. లిస్టులో పేరుంటే కారులోకి ఇస్త్రీ బట్టలవాళ్లే ఎక్కుతారు. సంతకం పెట్టేశాను.

"రేపు పొద్దున ఆరింటికి ట్రయల్ రన్," అన్నాడాయన.

"ఎంతవరకు సార్?"

"ఎంతవరకేంది? మేడం పోయే దారంతా. చర్ల దాకా పోయి రావాలె."

మూడు వందల అరవై అక్కడికక్కడే ఏడు వందల ఇరవై అయింది.

ట్రయల్ రోజున కొత్త డ్రైవర్లకు పద్ధతులు చెప్పడానికి ఒక పెద్దాయన వచ్చాడు. పాతికేళ్లు సర్కారు జీపు నడిపి రిటైరైన మనిషి.

"తమ్మీ, పెద్దమనిషి కూసునేది ఎనక ఎడమదిక్కు. ఆ తలుపు నువ్వే తియ్యాలె. అద్దాలు దింపొద్దు. అడగంది మాట్లాడొద్దు. బండి చూపిన జాగల్నుంచి కదలొద్దు. ఇంజన్ ఆర్పొద్దు."

"ఆమె దిగిపోయినంక గూడనా అన్నా?"

"అవ్. ఎప్పుడొచ్చి కూసున్నా లోపల సల్లగుండాలె."

"గుళ్లె గంటసేపు ఉంటే?"

"గంటసేపు నడుస్తది. డీజిల్ నీదా ఏంది?"

"నాదే అన్నా."

ఆయన నన్ను కాస్త జాలిగా చూసి, తక్కిన పద్ధతులు చెప్పడం మానేశాడు.

మా దుకాణంలో ఆఖరి గిరాకీ మెట్టు దిగుతుండగానే నాన్న ఫ్యాను ఆపేవాడు. రెక్కలు ఆగేలోపు వచ్చే గాలి ఉచితం అనేవాడు. ఆ ఇంట్లో పెరిగిన నేను, ట్రయల్ మర్నాడు మేడం భద్రాచలం గుళ్లో ఉన్న గంటా పది నిమిషాలూ తెల్ల తువ్వాళ్లు పరిచిన ఖాళీ సీట్లకు చల్లగాలి కొట్టిస్తూ కారు పక్కన చెమటలు కక్కుతూ నిలబడ్డాను. ఎవరో నా జేబులో చెయ్యి పెట్టి తీరిగ్గా నోట్లు ఏరుకుంటున్నట్టు అనిపించింది.

చర్ల అవతల ఆశ్రమ పాఠశాల దగ్గర ఇక తట్టుకోలేకపోయాను. ప్రోగ్రాం కాగితంలో అక్కడ గంట ఉంది: నలభై నిమిషాలు ఉపన్యాసాలు, ఇరవై నిమిషాలు పిల్లలతో మాటలు. మన ప్రాంతంలో మైకు పట్టిన మనిషి చెప్పిన టైముకు దిగడం నేను పుట్టాక చూడలేదు. ఆ నమ్మకంతోనే ఇంజన్ ఆర్పాను. యాభయ్యో నిమిషానికి మళ్లీ స్టార్ట్ చెయ్యొచ్చు అనుకున్నాను. కాన్వాయ్‌లో రెండో బండి కాబట్టి నీడలోకి జరపడానికి లేదు. నడి ఎండలో కారు నిలబడింది, పక్కన నేను నిలబడ్డాను.

ఆ మేడం ఉపన్యాసాలు వద్దందట. నేరుగా పిల్లల మధ్య కూర్చుని మాట్లాడి, ఇరవై నిమిషాలకల్లా బయటికి వచ్చింది.

తలుపు మాత్రం పద్ధతిగానే తీశాను. ఆమె కూర్చుంది, చటుక్కున లేచింది, సీటు తడిమి చూసి మళ్లీ మెల్లగా కూర్చుంది. ఏసీ వేస్తే అది ముందుగా వేడిగాలి ఊదింది. ముందు సీట్లో ఆఫీసరు నా వైపు తిరిగాడు. ఈలోగా మేడం తన పక్క అద్దం పూర్తిగా దింపేసి, బస్సు ప్రయాణికురాలిలా మోచెయ్యి బయట పెట్టింది. గాలితో పాటు ఇప్పపూల వాసన, వెనకే ఎర్రదుమ్ము లోపలికి వచ్చాయి.

"అద్దం ఎక్కియ్," అన్నాడు ఆఫీసరు పెదాలు కదలకుండా.

"నేను దింపలే సార్. మేడం దింపింది."

"మరి ఆమెకు ఎవరు చెప్పాలె?"

అడగంది నేను మాట్లాడకూడదు. అతిథిని ఆయన వారించకూడదు. దుమ్ముగూడెం దాకా ఆ అద్దం అట్లాగే ఉంది. ఆయన తెల్లచొక్కా గోధుమరంగుకు తిరిగింది. వెనక సీట్లోంచి మాత్రం హాయిగా ఏదో కూనిరాగం వినిపించింది.

సాయంత్రం ఆమెను ఖమ్మం స్టేషన్లో రైలెక్కించాక ఆఫీసరు డ్యూటీ కాగితం తీశాడు. అద్దం దిగిన సంగతి సెక్యూరిటీవాళ్లు అప్పటికే రాసుకున్నారు. కారణం నేను రాయాలి.

"ఏసీ రిపేరని రాయి. బాగు చేయించుకొని రా, లిస్టు సంగతి అప్పుడు చూద్దాం."

సులువైన దారే. కానీ చెయ్యి కదల్లేదు. మా నాన్న గిరాకీ ముందు తనను తాను పిచ్చోడనేవాడు, మునిగిపోతున్నాననేవాడు, ఎన్ని మాటలైనా పడేవాడు. తన కందిపప్పులో పురుగుందంటే మాత్రం కొట్లాటకు లేచి నిలబడేవాడు. ఏ రోగమూ లేని ఏసీకి రోగం అంటగట్టలేకపోయాను. "ఏసీ బాగుంది. డీజిల్ మిగుల్చుకోవడానికి డ్రైవర్ ఇంజన్ ఆర్పాడు" అని రాసి సంతకం పెట్టాను.

ఆయన రెండుసార్లు చదివాడు.

"అంటే బండికేం రోగం లేదంటవ్."

"లేదు సార్."

"రోగం నీకే."

"అవ్ సార్."

"అయితే బండి లిస్టులో ఉంటది. నువ్వు ఉండవు. ఎవర్నన్న మంచి డ్రైవర్ని పెట్టి పంపు. రోజుకు మూడు వేల ఐదు వందలు, డీజిల్ మాది. ఒప్పుకుంటవా, ఇంకా బేరమాడతవా?"

జీవితంలో మొదటిసారి, చెప్పిన ధరకే తలూపాను. రిటైరైన పెద్దాయనను డ్రైవరుగా రమ్మని అడిగితే, నా సంగతి తెలిసినవాడు కనుక రోజుకు ఎనిమిది వందలకు ఒక్క పైసా తగ్గలేదు.

ఇక ఆ రెండు రోజుల లెక్క. వచ్చింది ఎనిమిది వేల ఐదు వందలు. ట్రయల్, అసలు ప్రయాణం, నిలబెట్టి కాల్చిందీ కలిపి డీజిల్ అరవై ఎనిమిది లీటర్లు, ఆరు వేల ఐదు వందలు. తెల్ల తువ్వాళ్లు ఆరు వందలు. రెండుసార్లు కారు కడిగించడానికి ఐదు వందలు. నా తిండి రెండు వందల నలభై. ఆఫీసరు మొదట చెప్పిన ధరకే ఒప్పుకుని ఉంటే రెండు రోజులకు ఏడు వేలు, డీజిల్ వాళ్లది; ఇంకో ఐదు వేలు మిగిలేవి. చేతికి మిగిలింది ఆరు వందల అరవై. ఇంజన్ ఆర్పి మిగిల్చిన ఇరవై నాలుగు రూపాయలు కూడా అందులోనే ఉన్నాయి.