నాన్న వేలిముద్ర పెట్టిన కాగితం

మొన్న మా మనవరాలు నూజివీడులో బస్సు దిగుతూ సంచి ఒకటి బస్సులోనే మరిచిపోయింది. అందులో దాని పదో తరగతి మార్కుల జాబితా ఉంది. అది మళ్ళీ ఇప్పించుకోవాలంటే ముందు పోలీసు స్టేషనులో ఫిర్యాదు చేసి, వెతికినా దొరకలేదని వాళ్ళ చేత కాగితం రాయించుకుని తేవాలట. ఈ సంగతి అది ఇడ్లీ తింటూ, కొట్టుకెళ్ళి పంచదార తేవాలన్నంత మామూలుగా చెప్పి, "నువ్వూ రా అమ్మమ్మా, ఒక్కదాన్నే అయితే బోరు" అంది. పోలీసు స్టేషనుకు వెళ్ళేటప్పుడు మనిషికి కలిగేదాన్ని బోరు అంటారని ఈ వయసులో నాకు ఆవేళే తెలిసింది. చీర మార్చుకుంటానని వంక పెట్టి గదిలోకి వెళ్ళి, అది రెండోసారి పిలిచేదాకా మంచం మీద కూర్చున్నాను.

నేనేమీ పిరికిదాన్ని కాదు. పంతులమ్మగా పనిచేసినన్నాళ్ళూ నా గొంతు లేస్తే పక్క తరగతి పిల్లలు కూడా నోళ్ళు మూసుకునేవారు, నాతో మాట పడలేక హెడ్మాస్టర్లే పక్కకు తప్పుకునేవారు. అలాంటిదాన్ని, ఆ ఒక్క గుమ్మం పేరు చెబితే మాత్రం చిన్నపిల్లనైపోతాను. నా ఈడు వాళ్ళకు, అందులోనూ తోటల్లో కూలి చేసుకు బతికిన ఇళ్ళలో పుట్టినవాళ్ళకు ఇది విడమరిచి చెప్పనక్కరలేదు.

మా నాన్న ముసునూరు వైపు ఒక మామిడితోటకు కావలి ఉండేవాడు. కాయ ముదిరినప్పటి నుంచి ఆఖరి కోత దాకా తోటలోనే పాక వేసుకుని ఉండటం, గబ్బిలాలనూ కోతులనూ తోలడం, రాలినవి ఏరి కుప్ప పోయడం ఆయన పని. తోటను కౌలుకు తీసుకున్న షావుకారు వారానికోసారి వచ్చి కాయల్ని చూసి సంతోషించి, నాన్నను చూసి విసుక్కుని వెళ్ళేవాడు. నేను హైస్కూల్లో చదువుతున్న రోజుల్లో ఒక ఎండాకాలం, ఆ తోటలో రాత్రికి రాత్రి బండెడు కాయ కోసి తోలుకుపోయారు. తెల్లారేసరికి ఆ బండి దారిలో పోలీసులకు దొరికింది. దొరికినవాళ్ళు దొరకగా, కావలివాడికి తెలియకుండా ఇంత కాయ ఎలా పోతుందని షావుకారు అనడంతో, నాన్నను కూడా స్టేషనుకు తీసుకెళ్ళారు.

పొద్దుగూకాక ఇంటికి వచ్చాడు. తుండుగుడ్డ దవడలకు చుట్టుకుని ఉన్నాడు. పంటినొప్పి అన్నాడు, అన్నం వద్దన్నాడు. అమ్మ గుచ్చి గుచ్చి అడిగితే, ఏదో కాగితం మీద వేలిముద్ర వేయించుకుని పొమ్మన్నారని చెప్పాడు. ఏం కాగితమో, అందులో ఏం రాశారో ఆయనకు తెలియదు. చదువు రానివాడికి చదివి వినిపించే తీరిక అక్కడ ఎవరికుంటుంది? కేసు కట్టారని ఒకరు, దొంగతనం ఒప్పుకున్నట్టు రాయించుకున్నారని ఇంకొకరు, ఎప్పటికైనా వారంటు వస్తుందని మరొకరు, మా వాడలో ఎవరికి తోచింది వాళ్ళు చెప్పి, గోరుచుట్టు మీద రోకటిపోటు వేసి పోయారు. మరుసటి ఏడు ఆ తోటలో నాన్నకు పని లేకపోయింది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో భయం కూడా ఒక మనిషిలా కాపురం పెట్టింది. కుక్క మొరిగితే అమ్మ దీపం తగ్గించేది. ఖాకీ చొక్కా వేసుకున్న బస్సు కండక్టరు టిక్కెట్టు అడిగినా నాన్న లేచి నిలబడేవాడు. మా వాడకూ గుడికీ మధ్య రోడ్డు పక్కనే ఉండేది స్టేషను. ఆదివారం ఆరాధనకు అమ్మా నేనూ రోడ్డు వెంట నడిచి వెళ్ళేవాళ్ళం, నాన్న మాత్రం వెనక వరిచేల గట్ల మీదుగా చుట్టు తిరిగి వచ్చేవాడు. పాస్టరు అయ్యగారు ప్రసంగం మొదలుపెట్టాక, తెల్ల పంచె అంచుకు బురదతో లోపలికి వచ్చి చివరి చాప మీద కూర్చునేవాడు. ఆ బురద మరకల్ని అమ్మ సోమవారం పొద్దున కుంకుడుకాయ రసం పెట్టి రుద్ది రుద్ది వదిలించేది. ఎందుకలా వెళ్తావని ఆవిడ ఒక్కనాడూ అడగలేదు.

నాకు పంతులమ్మ ఉద్యోగం వచ్చినప్పుడు ఆ భయం అసలు రంగు చూపించింది. మా ఇంట్లో నెల జీతం ఎరిగినవాళ్ళు ఎవరూ లేరు. అయ్యగారు గుడిలో లేచి నా పేరు చెప్పి స్తోత్రం చేయించారు. ఆ సాయంత్రమే మా పెదనాన్న వచ్చి, చుట్ట ఆర్పి, గొంతు తగ్గించి, ఉద్యోగం ఖాయం చేసే ముందు పోలీసులు వచ్చి వాకబు చేస్తారనీ, ఇంట్లో ఎవరి మీద కేసున్నా ఆ ఉద్యోగం గోవిందా అనీ చెప్పి వెళ్ళాడు. అది ఉత్త మాట అనీ, చూసేది నా నడవడిని మాత్రమే అనీ తర్వాత తెలిసింది గానీ, అప్పుడు మాకు చెప్పేవాళ్ళెవరు? నాన్న ఆ రాత్రి వాకిట్లో కూర్చునే ఉన్నాడు. నా వల్ల నీ నోటి కాడ కూడు పోతుందేమోనమ్మా అని ఒక్క మాట అన్నాడు. ఆ మాటకు నాకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఆ కాగితంలో ఏముందో వెళ్ళి అడుగుదాం పద అన్నాను.

అడగడానికి వెళ్ళాలి సరే, ఎలా వెళ్ళాలి? మా వైపు ఏ ఆఫీసుకూ ఉత్త చేతులతో వెళ్ళడం మర్యాద కాదు. అమ్మ తనకు తెలిసిన మర్యాద ప్రకారం, నాన్న అప్పుడు కావలి ఉన్న ఆగిరిపల్లి తోట కామందు ఇచ్చిన చిన్నరసాలను గడ్డి పరిచిన బుట్టలో పేర్చి, పైన తడిగుడ్డ కప్పి పంపింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. మేం ఏకంగా కాయలే నెత్తిన పెట్టుకుని వెళ్ళాం. మామిడికాయల దొంగతనం కేసు గురించి అడగడానికి మామిడికాయల బుట్టతో బయల్దేరుతున్నామని మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

స్టేషనులో రాతపని చూసే రైటరు గారు పెద్దాయన, కళ్ళజోడు ముక్కు మీదికి జారి ఉంది. నాన్న బుట్ట దించి, చెప్పులు మెట్ల దగ్గరే వదిలి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేనే సంగతంతా చెప్పాను. ఆయన అంతా విని, తడిగుడ్డ వేలితో ఎత్తి చూసి, మళ్ళీ నాన్న ముఖంలోకి చూశాడు.

"కాయల కేసు సంగతి అడగడానికొచ్చి కాయలే తెచ్చావేంటయ్యా? ఇవెక్కడివి?"

నాన్న మెట్ల దగ్గర వదిలిన చెప్పుల వైపు చూశాడు. చెమట గడ్డం మీంచి జారి కింద పడటం నేను చూశాను. మా నాన్నను ఇక్కడే కూర్చోబెట్టేస్తారు, నేనే చేతులారా తీసుకొచ్చి అప్పగించాను అనుకున్నాను.

"మా కామందు గారు ఇచ్చారండీ. కావాలంటే అడిగి చూడండీ" అన్నాను. అది నా గొంతులా లేదు.

ఆయన నవ్వాడో మూతి విరిచాడో నాకు ఈనాటికీ తెలియదు. ఆ కేసు ఎప్పుడో కోర్టుకు వెళ్ళి రాజీ అయిపోయిందనీ, కాగితాలన్నీ అక్కడే ఉంటాయనీ, నకలు కావాలంటే వకీలు చేత కోర్టులో అర్జీ పెట్టించుకోవాలనీ చెప్పి, "ముందు ఆ బుట్ట తీసెయ్యండమ్మా, ఎస్సై గారొచ్చే టైమైంది" అన్నాడు. అంతే, బుట్ట ఎత్తుకుని బయటపడ్డాం. దారి పొడుగునా పండిన రసాల వాసన గుప్పుమంటుంటే జనం తిరిగి తిరిగి చూశారు. వాళ్ళు చూసింది పళ్ళనే, నాన్న మాత్రం ఇల్లు చేరేదాకా తల ఎత్తలేదు.

మా సంఘ పెద్ద గారి అల్లుడు నూజివీడు కోర్టులో వకీలు. ఆయన స్టాంపు అంటించి అర్జీ పెట్టాడు. నకలు చేతికి వచ్చేదాకా మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. వీధిలో సైకిలు ఆగిన చప్పుడైతే అమ్మ పొయ్యి ముందు కూర్చునే కీర్తన లాంటిదేదో గొణిగేది. ఎట్టకేలకు ఒక మధ్యాహ్నం కోర్టు బయట టీ బడ్డీ దగ్గర వకీలు గారు ఆ కాగితాలు నా చేతిలో పెట్టారు. అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. చదివాను, నమ్మకం కలగక మళ్ళీ చదివాను. నాన్న అందులో ముద్దాయి కాదు. దొరికిన కాయలు ఫలానా తోటవేనని పోలీసుల ఎదుట చెప్పిన మధ్యవర్తి, అంటే సాక్షి. ఆ వేలిముద్ర సాక్షిగా వేయించుకున్నదే. ఇన్నేళ్ళూ ఆయన గట్ల వెంట దాక్కుంటూ నడిచింది ఈ కాగితానికి భయపడి!

సంతోషం పట్టలేక పక్కనే ఉన్న నాన్నకు గబగబా చెప్పేశాను. నాన్న సంతోషించలేదు. మళ్ళీ చదవమన్నాడు. చదివాను. టీ గ్లాసు పక్కన పెట్టి, బడ్డీవాడికి వినపడకుండా నన్ను అడిగాడు.

"నన్ను కొట్టిన సంగతి రాశారామ్మా?"

లేదని తెలిసీ కాగితాలు మళ్ళీ తిరగేశాను. దవడకు చుట్టిన తుండుగుడ్డ, పంటినొప్పి, తినని అన్నం, అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందుకు వచ్చాయి. అది చూసి ఆయనే తల ఊపి, టీ చల్లారిపోతోంది తాగమన్నాడు.

తర్వాత వాకబుకు వచ్చిన కానిస్టేబులు మజ్జిగ తాగి, నాలుగు మాటలు అడిగి వెళ్ళిపోయాడు. అంతసేపూ నాన్న తోటలోనే ఉన్నాడు. నా ఉద్యోగం నాకు దక్కింది. ఆ ఆదివారం ఆయన రోడ్డు వెంట వస్తాడని అమ్మ ఉతికిన పంచె తీసిపెట్టి ఎదురు చూసింది. ఆయన ఎప్పటిలాగే ఆలస్యంగా, పంచె అంచుకు బురదతో వచ్చి చివరి చాప మీద కూర్చున్నాడు. పోయేదాకా అలాగే వచ్చాడు.

మొన్న మనవరాలితో వెళ్ళిన స్టేషనులో గుమ్మం దగ్గరే బల్ల వేసుకుని ఒక ఆడ కానిస్టేబులు కూర్చుని ఉంది. "కూర్చోండి అమ్మగారూ" అని నాకు కుర్చీ చూపించింది. మా పిల్ల గడగడా చెప్పింది, ఆ అమ్మాయి కంప్యూటరులో ఎక్కించుకుంది, రసీదు సెల్‌ఫోనుకే వచ్చేసింది. నకలు కోసం మేం పడిన అగచాట్లు ఈ పిల్లకు చెబితే కట్టుకథ అనుకుంటుంది, అనుకోనీ. దానికి తెలియకపోవడమే మంచిది. కుర్చీ చూపించే అలాంటి చెయ్యి ఒకటి ఆ రోజుల్లో మా నాన్నకు ఎదురై ఉంటే ఎంత బాగుండేదని మాత్రం అక్కడ కూర్చున్నంతసేపూ అనిపించింది. మా ఊళ్ళో ఆయన నడిచిన గట్లు ఇప్పుడు లేవు, ఆ వరిచేలన్నీ ప్లాట్లయిపోయి సిమెంటు రోడ్లు పడ్డాయి.

బయటికి వచ్చి నడుస్తున్నాం. మనవరాలు ఫోను చూసుకుంటూ నాలుగడుగులు వేసి, నేను పక్కన లేనని గమనించి వెనక్కి తిరిగింది.

"అటేంటి అమ్మమ్మా, బస్టాండు ఇటు కదా" అంది.

చూసుకుంటే నేను స్టేషను గోడ పక్క సందులోకి తిరిగి ఉన్నాను. ముందు రోజు వాన పడినట్టుంది, సందంతా బురద. నా చీర కుచ్చిళ్ళ అంచు అప్పటికే తడిసిపోయింది.